ఆర్డర్ కోసం ఎదురుచూసే గంట పనిగంటేనా? డిజిటల్ యుగంలో వృద్ధిని ఎలా లెక్కపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు: అర్థశాస్త్ర అధ్యాపకురాలు, ఖమ్మం

అందరికీ నమస్కారం. నేను ఖమ్మంలో ఒక డిగ్రీ కళాశాలలో పదిహేడేళ్లుగా అర్థశాస్త్రం బోధిస్తున్నాను. జాతీయాదాయం పాఠానికి ఏటా వాడే ఉదాహరణలు నాకు కంఠతా వచ్చు. రైతు పండించిన వడ్లు, మిల్లులో ఆడించిన బియ్యం, హోటల్లో వడ్డించిన భోజనం, ఇలా ఒక్కో దశలో ఎంత విలువ చేరిందో కూడుకుంటూ పోతే దేశం మొత్తం ఉత్పత్తి తేలుతుందని చెబుతాను. ఈ ఏడాది ఆ పాఠం చెబుతున్నప్పుడు నా మాట నాకే గొంతు దిగలేదు. కారణం, మూడేళ్ల కిందట నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి.

బీకాం పూర్తిచేసి, రెండు పోటీ పరీక్షలు రాసి, ఏదీ కలిసిరాక హైదరాబాద్ వెళ్లి ఇప్పుడు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. దసరాకు ఊరొచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి, మాటల మధ్యలో తన ఫోన్ తీసి ఒక ఆదివారం లెక్క చూపించాడు. లాగిన్ అయి ఉన్న సమయం 11 గంటల 20 నిమిషాలు. ఆర్డర్ మీద ఉన్న సమయం 6 గంటల 5 నిమిషాలు. మిగతా ఐదుంబావు గంటలు ఏం చేశావని అడిగితే, "మెట్రో పిల్లర్ కింద బండి మీద కూర్చున్నాను మేడమ్, ఆర్డర్ పడాలి కదా" అన్నాడు. అందులో ఫిర్యాదేమీ లేదు. వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను పాఠంలో చెప్పే లెక్కలోకి ఆ 6 గంటల 5 నిమిషాలు చక్కగా వస్తాయి. హోటల్ బిల్లు వస్తుంది, యాప్ తీసుకునే కమీషన్ వస్తుంది, డెలివరీకి ఇచ్చిన డబ్బు వస్తుంది. ఆ ఐదుంబావు గంటలు మాత్రం ఎక్కడా కనిపించవు. పోనీ అవి వృథా గంటలా అంటే, అలా అనడానికీ లేదు. ఆ పిల్లర్ కింద అతను, అతనిలాంటి మరో పదిమంది సిద్ధంగా కూర్చుని ఉండబట్టే, ఇంట్లో కూర్చుని ఫోన్ మీద వేలు పెట్టిన మనిషికి అరగంటలో అన్నం వస్తోంది. కొనేవాడికి మిగిలిన సమయం ఎదురుచూసేవాడి సమయంలోంచే వచ్చిందన్నమాట. వేగం అనే సరుకుకు ముడిసరుకు ఆ ఎదురుచూపు. దానికి ధర లేదు కాబట్టి అది లెక్కలోకీ రాలేదు.

ఇది ఒక్క కుర్రవాడి సంగతి కూడా కాదు. నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం 2020-21 నాటికే మన దేశంలో గిగ్ కార్మికులు, అంటే నెల జీతం లేకుండా యాప్‌ల ద్వారానో మరోలానో ఏ పనికాపని చేసుకునేవారు, 77 లక్షల మంది ఉన్నారు, 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరుతారని అంచనా. 1930లో కీన్స్ అనే ఆర్థికవేత్త, వందేళ్లు తిరిగేసరికి మనిషి వారానికి పదిహేను గంటలు పనిచేస్తే సరిపోయే రోజులు వస్తాయని ఊహించాడు. ఆ వందేళ్లు దగ్గరపడ్డాయి. ఆ అబ్బాయి ఆ పదిహేను గంటలనూ రోజున్నరలో దాటేస్తున్నాడు.

ఇంకొక సంగతి కూడా నన్ను కలవరపెడుతోంది. మనం వృద్ధి అని చెప్పుకునేది స్థూల దేశీయోత్పత్తిలో పెరుగుదల. స్థూలం అంటేనే తరుగుదల తీసివేయని లెక్క. కానీ ఆ అబ్బాయి బండికి టైర్లు, చైన్, బ్రేకులు ఏడాది తిరగకుండానే అరిగిపోతే, అతను తన లెక్కలో వాటిని తీసివేయకుండా ఉండగలడా? దేశం స్థూలంగా లెక్క చెప్పుకోవచ్చు, అతనికి మాత్రం ఏ నెలకానెల అరుగుదల పోగా మిగిలే నికరమే లెక్క. జాతీయాదాయ లెక్కలకు పునాది వేసిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, ఈ ఒక్క అంకెను చూసి ప్రజల బాగోగులను అంచనా వేయకూడదని అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికలో హెచ్చరించాడు. ఆ మాట ఏటా పాఠంలో చెబుతూనే ఉన్నాను, కానీ దానికి ఒక ముఖం ఉందని ఇన్నాళ్లకు తెలిసింది.

నేను అడగదలచుకున్నది ఇది. సిద్ధంగా ఉండటం పనేనా? పనే అయితే దాని ఖర్చు ఎవరు భరించాలి? పిల్లలకు వృద్ధి గురించి చెప్పేటప్పుడు ఆ గంటలను నేను ఏ గడిలో రాయాలి? ఈ పని చేస్తున్నవారు, చట్టం తెలిసినవారు, వేరే రంగాల్లో ఇలాంటిది చూసినవారు దయచేసి రాయండి.


సమాధానం: డెలివరీ చేస్తున్నవాడిని, కూకట్‌పల్లి

మేడమ్ గారికి నమస్కారం. మీ విద్యార్థి చూపించిన లెక్కలాంటిది నేను ఆరేళ్లుగా రోజూ రాత్రి చూస్తున్నాను. మీరు అడిగారు కాబట్టి, బయటివారికి ఎదురుచూపు అని ఒకే మాటగా కనిపించేదాన్ని మేము ఎలా గడుపుతామో వివరంగా రాస్తాను.

మొదటిది ఆర్డర్ పడేదాకా ఉండే సమయం. ఇది విశ్రాంతి అని చాలామంది అనుకుంటారు. ఫోన్ చేతిలోనే ఉండాలి. ఆర్డర్ మోగిన కొన్ని సెకన్లలో ఒప్పుకోకపోతే అది వేరేవాళ్లకు పోతుంది, అలా పోయిన ప్రతిసారీ వారం ఇన్సెంటివ్ మీద దెబ్బ పడుతుంది. ఇంటికి వెళ్లి కాసేపు నడుం వాల్చుదామంటే జోన్ దాటితే ఆర్డర్లు రావు. మూత్రానికి వెళ్లాలన్నా తెలిసిన టిఫిన్ సెంటర్ ఏదైనా ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలకు నీడ దొరకడమే పెద్ద పని. అపార్ట్‌మెంట్ గేటు పక్కన నిలబడితే వాచ్‌మన్ జరగమంటాడు, షాపు ముందు నిలబడితే బేరం పోతుందని షాపువాళ్లు జరగమంటారు. మా దగ్గర ఒక కానుగ చెట్టు ఉంది. దాని కింద తొమ్మిది బండ్లు పడతాయి. పదో మనిషి ఎండలోనే ఉండాలి.

రెండోది హోటల్ దగ్గర ఎదురుచూపు. ఆదివారం బిర్యానీ అంటే ఇరవై నిమిషాలు, అరగంట కౌంటర్ పక్కన నిలబడాల్సిందే. ఆ సమయం మీ విద్యార్థి ఫోన్‌లో ఆర్డర్ మీద ఉన్న సమయం కిందే పడి ఉంటుంది, కానీ డబ్బు మాత్రం ప్రధానంగా దూరాన్ని బట్టే వస్తుంది. అంటే ఆ 6 గంటల 5 నిమిషాల్లో కూడా కొంత భాగం పైకం రానిదే. మూడోది ఖాళీగా తిరిగిరావడం. బాచుపల్లి దాటి లోపలెక్కడో డ్రాప్ చేస్తే అక్కడ ఆర్డర్లు ఉండవు, మళ్లీ ఆరేడు కిలోమీటర్లు సొంత పెట్రోలు కాల్చుకుంటూ రావాలి. ఆ దూరానికి ఎవరూ పైసా ఇవ్వరు.

రెండేళ్ల కిందట ఒక వానాకాలం సాయంత్రం జరిగింది చెబుతాను. అప్పుడు నేను చేస్తున్న యాప్‌లో ఒక ఆర్డర్ కోసం హోటల్ ముందు నలభై నిమిషాలు నిలబడ్డాను. వంటగదిలోకి నీళ్లు వచ్చాయట, చివరికి తామే ఇవ్వలేమన్నారు. ఆర్డర్ రద్దయింది. ఆ రద్దు నా పేరు మీదే నమోదైంది. ఆ వారం ఇన్సెంటివ్‌కు నేను ఇంకా మూడు ఆర్డర్ల దూరంలో ఉన్నాను, రద్దు పడటంతో అది మొత్తం పోయింది. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. యాప్‌లో చాట్ తెరిస్తే ముందే రాసిపెట్టిన జవాబులే వచ్చాయి. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో ఆ ఫోన్‌కు నిమిషాలతో సహా తెలుసు. తెలిసి కూడా లెక్కపెట్టలేదన్నదే నా బాధ.

మీరు వేగానికి ముడిసరుకు ఎదురుచూపు అన్నారు. అది అక్షరాలా నిజం మేడమ్. కొత్తవాళ్లను ఎక్కువగా చేర్చుకున్న వారమల్లా మాకు ఆర్డర్లు తగ్గుతాయి. కస్టమర్‌కు మాత్రం ఇంకో రెండు నిమిషాలు ముందే అందుతుంది. మేము ఖాళీగా కూర్చుంటే కంపెనీకి ఖర్చు లేదు కాబట్టి, ఎంతమందిని కూర్చోబెట్టాలన్నదానికి వాళ్లకు హద్దు కూడా లేదు.


సమాధానం: రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్లు రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. సిద్ధంగా ఉండటం పనేనా అన్న మీ ప్రశ్న చదవగానే నాకు లెవెల్ క్రాసింగ్ గేట్లు గుర్తుకొచ్చాయి.

రద్దీ తక్కువ ఉన్న బ్రాంచి లైను మీద గేట్‌మన్ పని ఎలా ఉంటుందో చూడండి. పన్నెండు గంటల డ్యూటీలో బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పోతాయి. స్టేషన్ నుంచి ఫోన్ రాగానే గేటు వేయాలి, బండి పోయాక తీయాలి. మిగతా సమయమంతా ఆ చిన్న గదిలోనో, బయట వేపచెట్టు కిందో కూర్చోవడమే. పైనుంచి చూసేవాడికి ఆ మనిషి ఏమీ చేయడం లేదు. కానీ అతను అక్కడ లేకపోతే ఏమవుతుందో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరికీ తెలుసు. అందుకే ఆ కూర్చున్న గంటలకు కూడా రైల్వే జీతం ఇచ్చింది.

దీనికి చట్టంలో పేరు కూడా ఉంది. 1989 రైల్వే చట్టం ఉద్యోగాలను పని తీవ్రతను బట్టి విభజించింది. డ్యూటీ సమయంలో సగం లేదా అంతకు మించి, ఒంటికి శ్రమ గానీ ఎడతెగని ఏకాగ్రత గానీ అవసరం లేకుండా గడిచే ఉద్యోగాలను ఒక తరగతిగా పెట్టారు. మామూలు ఉద్యోగికి వారానికి 54 గంటలు పరిమితి అయితే, ఆ తరగతివారికి 75 గంటలు. ఊపిరాడని ఒత్తిడి ఉండే ఉద్యోగాలకు 45 గంటలు. ఆ 75 గంటలు ఎక్కువేనని మా యూనియన్లలో ఎన్నోసార్లు కొట్లాడుకున్నాం, అది వేరే సంగతి. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఎదురుచూపును పూర్తి శ్రమతో సమానమని ఆ చట్టం అనలేదు, అలాగని సున్నా అని కూడా అనలేదు. మధ్యలో ఒక కొలత పెట్టి, డ్యూటీగానే లెక్కవేసింది. ఏ ఉద్యోగం ఏ తరగతిలోకి వస్తుందో తేల్చడానికి మనిషి పక్కన కూర్చుని గంటగంటకూ అతను ఏం చేస్తున్నాడో రాసుకునేవారు. దానికి మేము జాబ్ అనాలిసిస్ అనేవాళ్లం. మూడు రోజులు ఒకాయన కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చున్నది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. నేను నీళ్లు తాగడానికి లేచినా రాసుకున్నాడు.

కూకట్‌పల్లి తమ్ముడు చెప్పింది చదివితే నాకు ఆశ్చర్యం వేసింది. మా రోజుల్లో మనిషి పక్కన మనిషి కూర్చుని రాసుకుంటే తప్ప దొరకని లెక్క, ఇప్పుడు ప్రతి కుర్రవాడి జేబులోనూ దానంతటదే రాసుకుంటోంది. కొలవడం కష్టమన్న సాకు ఇక చెల్లదు.


సమాధానం: టైల్స్ మేస్త్రి, గుంటూరు

అందరూ ఒకవైపే రాస్తున్నారు కాబట్టి నాకు తోచింది చెబుతాను. మా నాన్న అడ్డా కూలీ. పొద్దున ఆరింటికల్లా గమేళా, పార పట్టుకుని కూడలిలో నిలబడేవాడు. పదింటిదాకా ఎవరూ పిలవకపోతే ఇంటికి వచ్చేసేవాడు. ఆ నాలుగు గంటలకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఎవరూ లెక్క రాయలేదు. ఎదురుచూపు ఫోన్లతో పుట్టింది కాదు.

యాప్ వచ్చాక మా తమ్ముడి కొడుకు ఎవరి సిఫారసూ లేకుండా, ఎవరికీ కమీషన్ ఇవ్వకుండా, బండి, లైసెన్సు చూపించి పనిలో చేరాడు. కులం, ఊరు ఎవరూ అడగలేదు. రేపు గంటకింత ఇవ్వాలని చట్టం పెడితే, కంపెనీలు కావలసినంతమందినే ఉంచుకుని తలుపులు మూస్తాయి. అప్పుడు బయట మిగిలిపోయేది మావాడిలాంటివాళ్లే. లోపల ఉన్నవారి గంటలకు విలువ కట్టేటప్పుడు, బయట నిలబడేవారి గురించి కూడా ఆలోచించమని నా మనవి.


సమాధానం: కార్మిక న్యాయవాది, హైదరాబాద్

గుంటూరు మేస్త్రి గారి మాటను నేను తేలికగా తీసుకోను. దానికి జవాబు ఊహల్లో కాకుండా, ఈ ప్రయత్నం చేసిచూసిన చోట్ల వెతకాలి. ముందుగా మన దగ్గర చట్టం ఎక్కడుందో చెబుతాను.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతి (సోషల్ సెక్యూరిటీ కోడ్) గిగ్ కార్మికులను తొలిసారిగా జాతీయ చట్టంలో పేరు పెట్టి గుర్తించింది. అయితే వారిని సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసేవారిగా నిర్వచించింది. యాప్ సంస్థలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సామాజిక భద్రతా నిధికి జమచేయాలి. రాష్ట్రాల్లో రాజస్థాన్ 2023లో మొట్టమొదటగా ప్రత్యేక చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసిన చట్టంలో కార్మికుడికి ఇచ్చే మొత్తం మీద 1 నుంచి 5 శాతం దాకా సంక్షేమ రుసుము ఉంది, కార్మికుడిని యాప్ నుంచి తొలగించే ముందు సాధారణంగా 14 రోజుల నోటీసు ఇవ్వాలన్న నియమం ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గిగ్ కార్మికులతో సమావేశమై 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించారు, 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది.

ఇవన్నీ అవసరమైనవే, వీటి కోసం పోరాడినవారిలో నేనూ ఒకడిని. కానీ మేడమ్ గారి ప్రశ్న దగ్గర పెట్టి చూస్తే ఒక ఖాళీ కనిపిస్తుంది. ఈ చట్టాలన్నీ ప్రధానంగా ప్రమాదం, అనారోగ్యం, నిధి, నమోదు గురించి మాట్లాడుతున్నాయి. గంట గురించి మాట్లాడటం లేదు. పైగా రుసుమును టర్నోవర్ మీదో, లావాదేవీ మీదో, చెల్లించిన మొత్తం మీదో లెక్కిస్తారు కాబట్టి, ఆర్డర్ పడని ఐదుంబావు గంటలు సంక్షేమ నిధి లెక్కలో కూడా సున్నాగానే మిగిలిపోతాయి.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న ఊబర్ డ్రైవర్ల కేసులో ఇచ్చిన తీర్పు ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది. డ్రైవర్ తనకు లైసెన్సు ఉన్న ప్రాంతంలో యాప్ తెరిచి, ప్రయాణాలు ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్న సమయమంతా పని సమయమేనని కింది ట్రిబ్యునల్ తేల్చిన దాన్ని సమర్థించింది. తీర్పు తర్వాత కంపెనీ కనీస వేతన హామీని ప్రయాణం ఒప్పుకున్న క్షణం నుంచి లెక్కిస్తామంది తప్ప, లాగిన్ అయిన క్షణం నుంచి అనలేదు. కోర్టు గెలిపించిన గంట చేతికి రావడానికి మళ్లీ ఎంత దూరం ఉందో దీన్నిబట్టి చూడవచ్చు.

న్యూయార్క్ నగరం వేరే దారి తొక్కింది. యాప్ డెలివరీ కార్మికులకు 2023 డిసెంబర్ నుంచి గంటకు 17.96 డాలర్ల కనీస చెల్లింపు అమలుచేసింది. అక్కడ కంపెనీలకు రెండు పద్ధతులు ఇచ్చారు. ఎదురుచూసే సమయంతో కలిపి మొత్తం లాగిన్ సమయానికి ఆ రేటు ఇవ్వవచ్చు, అంటే నిమిషానికి దాదాపు 30 సెంట్లు. లేదా ఆర్డర్ మీద ఉన్న నిమిషాలకు మాత్రమే ఇవ్వవచ్చు, కానీ అప్పుడు నిమిషానికి దాదాపు 50 సెంట్లు ఇవ్వాలి. ఆ 30కీ 50కీ మధ్య తేడా ఏమిటో ఆలోచించండి. కార్మికుడి సమయంలో ఐదింట మూడు వంతులు ఆర్డర్ల మీద, రెండు వంతులు ఎదురుచూపులో పోతే ఈ రెండు రేట్లూ సమానమవుతాయి. పనిచేసిన నిమిషం తన భుజాన ఎదురుచూసిన నిమిషాన్ని కూడా మోస్తోందన్నమాట. మేడమ్ గారి విద్యార్థి ఆదివారం లెక్కలో ఆర్డర్ల వాటా దాదాపు 54 శాతం. ఆ నిష్పత్తి మీద మన దగ్గర కిలోమీటరు రేటు ఎంత ఉండాలో ఎవరైనా కాగితం మీద వేసి చూడవచ్చు.

ఇక మేస్త్రి గారి భయం. న్యూయార్క్‌లో అది కొంతవరకు నిజమైంది. ఎదురుచూపుకు ధర పడగానే కంపెనీలు ఎవరు ఎప్పుడు లాగిన్ కావచ్చో కట్టడి చేయడం మొదలుపెట్టాయి. కస్టమర్ ముందుగా ఇచ్చే టిప్పును డెలివరీ తర్వాతకు జరపడంతో టిప్పులు కూడా తగ్గాయి. కాబట్టి దీనివల్ల ఎవరికీ నష్టం ఉండదని నేను చెప్పను. అయితే ఆ కట్టడి ఒక నిజాన్ని బయటపెట్టింది. అంతకుముందు రోడ్డు మీద అంతమంది ఉన్నది అంత పని ఉండటం వల్ల కాదు, వాళ్ల సమయానికి ఖరీదు లేకపోవడం వల్ల. అంతమందికి పని కల్పించామని మనం చెప్పుకునే సంఖ్యలో ఎంత పని ఉంది, ఎంత ఎదురుచూపు ఉంది అన్నది విడదీయకుండా ఉపాధి పెరిగిందని ప్రకటించడం నాకు సమ్మతం కాదు.


సమాధానం: మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసినదాన్ని, విశాఖపట్నం

ఇక్కడ అందరూ బండి మీద తిరిగేవారి గురించి రాస్తున్నారు. ఇంట్లో కూర్చుని ఇదే ఎదురుచూపు ఎదురుచూసినదాన్ని నేను. అమీర్‌పేటలో కోర్సు చేసి 2004లో ఈ పనిలో చేరాను. అమెరికాలో డాక్టర్లు మాట్లాడి రికార్డు చేసినదాన్ని విని టైపు చేయాలి. మాకు లైనుకింత అని ఇచ్చేవారు. లైను అంటే 65 అక్షరాలు. ఖాళీలతో కలిపి లెక్కిస్తారా, లేకుండానా అన్నదాని మీద నెల జీతం మారిపోయేది.

పెళ్లయి విశాఖ వచ్చాక ఇంటి నుంచే చేశాను. రాత్రి తొమ్మిదింటికి లాగిన్ అయితే ఒక్కోసారి ఫైళ్లు ఉండవు. తెర మీద వరుస ఖాళీ. బాబును నిద్రపుచ్చి, హెడ్‌ఫోన్ ఒక చెవికి, బాబు కదలికకు ఇంకో చెవి పెట్టుకుని కూర్చునేదాన్ని. పన్నెండింటికి ఒకేసారి ఇరవై ఫైళ్లు వచ్చేవి, అవి తెల్లవారేలోగా ఇవ్వాలి. దగ్గుతూ, తింటూ, లిఫ్టులో మాట్లాడిన డాక్టరు ఒక్క వాక్యాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి వింటే వచ్చేది ఒక లైను. పదిసార్లు విన్న సమయం కూడా ఆ ఒక్క లైనులోనే ఇమిడిపోవాలి.

తర్వాత మాటను యంత్రమే టైపు చేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మా పని అది రాసినదాన్ని దిద్దడంగా మారింది. మీ వేగం రెండింతలవుతుంది అన్నారు, నిజంగానే చాలావరకు పెరిగింది. అయితే దిద్దే లైనుకు రేటు సగానికి దగ్గరగా తగ్గించారు. గంటకు రెండింతల లైన్లు, లైనుకు సగం డబ్బు. నా ఆదాయం ఉన్నచోటే ఉంది, కళ్లు మాత్రం ముందే అలిసిపోయేవి. యంత్రం తప్పుగా రాసినది చూడటానికి సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది. మందు మోతాదు అంకెలో దశాంశ చుక్క ఒక్కటి జరిగితే రోగి ప్రాణం మీదికి వస్తుందని ప్రతి అంకెనూ మళ్లీ విని సరిచూసేదాన్ని. 2015లో ఆ పని మానేశాను.

రాబర్ట్ సోలో అనే ఆర్థికవేత్త 1987లో, కంప్యూటర్ల యుగం అన్నిచోట్లా కనిపిస్తోంది కానీ ఉత్పాదకత గణాంకాల్లో మాత్రం కనిపించడం లేదని అన్నాడని ఈమధ్య చదివాను. నాకు మాత్రం అది గణాంకాల్లోనే కనిపించింది. నెలాఖరున వచ్చే లైన్ల పట్టికలో నా ఉత్పాదకత చక్కగా పెరిగి ఉండేది, ఇంటి ఖర్చుల పుస్తకంలో దాని జాడ లేదు. పెరిగినది ఎవరి చేతికి వెళ్లిందన్నది అప్పట్లో అడగడం తెలియలేదు.

మేడమ్ గారూ, ఇంటి నుంచి చేసే ఆడవాళ్ల ఎదురుచూపు ఇంకా లోతున దాగి ఉంటుంది. ఫైలు రాని మూడు గంటల్లో నేను అంట్లు తోమాను, బట్టలు మడిచాను. చూసేవాళ్లకు అది ఇంటిపని. నాకు అది డ్యూటీ, మెషిన్ ఎప్పుడు మోగుతుందోనని చేతులు తడి తుడుచుకుంటూ చేసిన డ్యూటీ. దయచేసి మీ గడుల్లో దీనికి కూడా చోటు చూడండి.


ప్రశ్న అడిగినవారు: అర్థశాస్త్ర అధ్యాపకురాలు, ఖమ్మం

మీ అందరి జవాబులూ ప్రింటు తీసుకుని రెండుసార్లు చదివాను. కాజీపేట బాబాయి గారు చెప్పిన జాబ్ అనాలిసిస్, విశాఖ సోదరి చెప్పిన తడి చేతుల డ్యూటీ చదివాక, నా ప్రశ్నను నేనే తప్పుగా అడిగానని అనిపించింది. ఏ గడిలో రాయాలని అడిగాను. అసలు పుస్తకాలే వేరు. స్థూల దేశీయోత్పత్తి ప్రధానంగా డబ్బు చేతులు మారినచోట కొలిచే లెక్క, దాన్ని ఎంత సాగదీసినా ఎదురుచూపు అందులో పట్టదు. గంటలను కొలిచే పుస్తకం మన ప్రభుత్వం దగ్గర వేరే ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ 2024లోనూ కాల వినియోగ సర్వే చేసింది. తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి మర్నాడు నాలుగు గంటల దాకా రోజును అరగంటల కింద విడగొట్టి, ఏ అరగంటలో ఏం చేశారో అడిగి రాసుకుంటారు. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2024 సర్వేలో తేలింది. ఇంటిపని ఎన్నాళ్లో ఎవరికీ కనబడకుండా ఉండి, గంటల్లో కొలిచాకే చర్చలోకి వచ్చింది. ఎదురుచూపు విషయంలోనూ దారి అదే కావచ్చు.

మేస్త్రి గారూ, మీ నాన్నగారి నాలుగు గంటలను నేను పక్కన పెట్టడం లేదు. వాటిని ఎవరూ రాయలేదు కాబట్టి వాటికి ఎవరూ జవాబుదారీ కాలేదు. ఇప్పుడు రాసి ఉన్నాయి, కానీ అవి రాసుకున్న కంపెనీ దగ్గరే ఉన్నాయి. తలుపులు మూసుకుపోతాయన్న మీ భయానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. న్యూయార్క్ అనుభవం చదివాక ఆ భయం నాలో కూడా కొంత చేరింది. గంటకింత అని ఒకే రేటు పెట్టడం కన్నా, రైల్వేలోలాగా ఎదురుచూపుకు వేరే కొలత, తక్కువదైనా సున్నా కానిది, పెట్టడం మనలాంటి దేశానికి నప్పుతుందేమోనని ఇప్పటికి నా ఆలోచన. న్యాయవాది గారు దీని మీద ఇంకా రాస్తే సంతోషిస్తాను.

నిన్న సాయంత్రం నా విద్యార్థికి ఫోన్ చేసి కూకట్‌పల్లి సోదరుడు రాసింది చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, హోటల్ దగ్గర నిలబడినదాన్ని తను కూడా ఎప్పుడూ విడిగా చూడలేదన్నాడు. తను, తనతో ఉండే నలుగురు స్నేహితులు ఒక నెలపాటు అరగంటల పట్టిక నింపడానికి ఒప్పుకున్నారు. ఆర్డర్ కోసం, హోటల్ దగ్గర, ఖాళీగా తిరిగిరావడం, ఈ మూడూ విడివిడిగా రాస్తారు. మా ద్వితీయ సంవత్సరం పిల్లలు వాటిని కూడి, పెట్రోలు, బండి తరుగుదల తీసివేసి, లాగిన్ అయిన గంటకు ఎంత మిగిలిందో తేలుస్తారు. విశాఖ సోదరి అడిగినదాని కోసం పట్టికలో నాలుగో వరుస చేర్చాను. ఇంటి నుంచి డేటా పని చేసే మా పూర్వ విద్యార్థినులు ఇద్దరు దాన్ని నింపుతామన్నారు. గుంటూరులో అడ్డా మీద నిలబడేవారు ఎవరైనా ఒక్క వారం తమ పొద్దున్నల లెక్క చెప్పగలిగితే, మేస్త్రి గారు దయచేసి నాకు తెలియజేయండి. ఆ కాగితం కూడా ఈ పట్టికల పక్కనే పెడతాము.